ఎనిమిది నెలలు కొత్త బ్లడ్ ట్యూబులు వాడాక నా రివ్యూ

చివరిదాకా చదివే ఓపిక లేనోళ్ళ కోసం ముందే చెప్పేస్తా. పర్పుల్ మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ట్యూబు బాగుంది, కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. గ్రీన్, గ్రే పర్లేదు. గోల్డ్ మూత జెల్ ట్యూబు మొదటి రెండు లాట్లు (బ్యాచ్‌లు) మమ్మల్ని ఏడిపించాయి, మూడో లాట్ నుంచి దారిలో పడింది. బ్లూ మూత సిట్రేట్ ట్యూబు మాత్రం నేను మళ్ళీ తీసుకోను. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇదే గొడవ రేపు ఇంకో కంపెనీ ట్యూబుతో కూడా రావచ్చు, నిన్న బాగున్న లాట్ ఇవాళ బాగుండకపోవచ్చు, అందుకే పేరు కన్నా ఎలా పట్టుకోవాలో తెలిస్తే మీకు ఎక్కువ పనికొస్తుంది.

నేను ల్యాబులో బయోకెమిస్ట్రీ, హెమటాలజీ రెండు బెంచీలూ చూస్తా, రద్దీగా ఉన్న రోజు బ్లడ్ డ్రా కూడా చేస్తా. ఏళ్ళ తరబడి ఒకే బ్రాండ్ వాడుతున్న మేం ఇలా రెండో కంపెనీ వైపు చూడ్డానికి కారణం సప్లై. గుర్తుందా, 2021 జూన్‌లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలు చూసే ఎఫ్‌డీఏ సిట్రేట్ ట్యూబుల్ని షార్టేజ్ లిస్టులో పెట్టింది, 2022 జనవరికల్లా అన్ని రకాల బ్లడ్ ట్యూబులూ ఆ లిస్టులోకి వచ్చేశాయి. అప్పుడు అందరికీ తెలిసొచ్చింది, కోట్లు పోసి కొన్న ఎనలైజర్ (టెస్టులు చేసే మెషిన్) ఉన్నా వేలెడంత ప్లాస్టిక్ గొట్టం లేకపోతే ల్యాబు మూసుకోవడమే అని. అందుకే మా దగ్గర రెండో సోర్సు ఒకటి రెడీగా ఉండాలని పెద్దవాళ్ళు పట్టుబట్టి ఈ ట్యూబులు తెప్పించారు, పరీక్షించే పని నా నెత్తిన పడింది.

చాలామంది, ల్యాబులో పనిచేసేవాళ్ళు కూడా, ట్యూబు అంటే రక్తం పట్టుకునే సీసా అనుకుంటారు. నా లెక్కలో అది సీసా కాదు, రియేజెంట్, అంటే టెస్టులో పాలుపంచుకునే కెమికల్. ఎనలైజర్లో పోసే రియేజెంట్‌కి లాట్ మారితే క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) పెట్టి, పాత లాట్‌తో పోల్చి, సంతకాలు పెట్టి నానా హడావిడి చేస్తాం కదా, మరి రక్తం ఒంట్లోంచి బయటికొచ్చిన మొదటి సెకన్లోనే తగిలే కెమికల్ ట్యూబులోది, దాని లాట్ నంబరు రాసుకునే ల్యాబులు ఎన్ని? మా ల్యాబులో కూడా రాసేవాళ్ళం కాదు, అబద్ధం ఎందుకు.

ట్యూబు లోపల ఏముందో ఒకసారి అనుకుందాం. మొదట వ్యాక్యూమ్. 1940ల్లో జోసెఫ్ క్లీనర్ అనే ఆయన ఈ వ్యాక్యూమ్ ట్యూబు పద్ధతి తయారుచేశాడు, సూది ఒక కొన నరంలో, ఇంకో కొన రబ్బరు మూతలోంచి ట్యూబులోకి, లోపలి వ్యాక్యూమ్ తనకి కావాల్సినంత రక్తం తనే లాక్కుంటుంది. తర్వాత గోడల మీద పూత లేదా అడుగున మందు. ఈడీటీఏ, సిట్రేట్ అయితే కాల్షియాన్ని పట్టేసి గడ్డకట్టకుండా ఆపుతాయి, హెపారిన్ అయితే రక్తంలోనే ఉండే యాంటీథ్రాంబిన్ అనే ప్రొటీన్ ద్వారా ఆపుతుంది, గోల్డ్‌లో ఉండే సిలికా దీనికి పూర్తిగా రివర్స్, తొందరగా గడ్డకట్టమని తోస్తుంది. ఇది ఎందుకంటే గాజు ట్యూబుల్లో రక్తం దానంతటదే గడ్డకడుతుంది, ప్లాస్టిక్‌లో బద్ధకిస్తుంది. ఆ పైన మూత రబ్బరు, దానికి రాసే సిలికోన్, ఇవి కూడా ఉత్తినే కూర్చోవు, ఆ సంగతి తర్వాత చెప్తా.

రంగుల గురించి ఒక మాట. పర్పుల్ అంటే ఈడీటీఏ, గ్రీన్ అంటే హెపారిన్, గ్రే అంటే ఫ్లోరైడ్, లైట్ బ్లూ అంటే సిట్రేట్, ఇది మనకి బట్టీ వచ్చేసింది గానీ ప్రపంచమంతా ఒకేలా లేదు. జర్మనీ సార్‌స్టెట్ వాళ్ళ ఎస్-మోనోవెట్ పాత రంగుల్లో ఈడీటీఏకి ఎరుపు మూత, సిట్రేట్‌కి ఆకుపచ్చ! ఆ సిస్టమ్‌కి అలవాటుపడ్డ మనిషి మా ల్యాబులో చేరితే మొదటి వారం రంగు చూసి కాదు, లేబుల్ చదివి ట్యూబు తీయమని చెప్పాలి.

ఇక పర్పుల్ మూత నుంచి మొదలుపెడతా. ఈ కొత్తది కె2 ఈడీటీఏ, స్ప్రే చేసి ఆరబెట్టింది. ఖాళీ ట్యూబుని కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుని మెల్లగా తిప్పితే లోపలి గోడల మీద సన్నగా మంచు పట్టినట్టు చుక్కలు కనిపిస్తాయి, ఆ చుక్కలు అడుగు నుంచి సగం పై వరకు సమానంగా ఉన్నాయి. ఇంతకుముందు ఎక్కడో చూసిన నాసిరకం ట్యూబులో అడుగున తెల్లగా ఒక ముద్ద, గోడలు నున్నగా. ముద్దగా ఉంటే ఎంత కలిపినా ఒక మూల గడ్డ పడుతుంది. కె3 ద్రవరూపంలో ఉండే ట్యూబులు కూడా ఉన్నాయి గానీ ఆ ద్రవం రక్తాన్ని 1-2 శాతం పలుచన చేస్తుంది, అందుకే బ్లడ్ కౌంట్‌కి కె2 వాడమని రక్త పరీక్షల ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ ఐసీఎస్‌హెచ్ 1993లోనే సిఫార్సు చేసింది. సగం నింపిన పర్పుల్ ట్యూబు గురించి కూడా చెప్పాలి, మిల్లీలీటరు రక్తానికి 1.5 నుంచి 2.2 మిల్లీగ్రాముల ఈడీటీఏ అని లెక్క, రక్తం తక్కువ పడితే ఆ నిష్పత్తి పెరిగిపోయి ఎర్రకణాలు నీరు కోల్పోయి ముడుచుకుంటాయి, చేత్తో చేసే పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వాటా) తగ్గిపోతుంది. ఈ ట్యూబు నిండుగా లాగుతోంది, ఎనిమిది నెలల్లో చిన్న గడ్డలున్న సీబీసీ (బ్లడ్ కౌంట్) సాంపిళ్ళు పాత బ్రాండ్ కన్నా ఎక్కువేం రాలేదు. వచ్చినవి కూడా డ్రా చేసినవాళ్ళు ఎనిమిది పదిసార్లు తలకిందులుగా తిప్పకుండా స్టాండులో పడేసినవే.

ఒక్కసారి మాత్రం ఈ పర్పుల్ మీద అనవసరంగా నింద పడింది. ఒకావిడ ప్లేట్‌లెట్స్ 38 వేలు వచ్చాయి. డాక్టర్ గారు ఫోన్ చేసి "ఏంటమ్మా, ట్యూబులు మార్చారంట కదా, పోయిన నెల రెండు లక్షలున్న మనిషికి ముప్పైయెనిమిది వేలేంటి" అన్నారు. స్మియర్ వేసి (గాజు పలక మీద రక్తం పూసి) మైక్రోస్కోపులో చూస్తే ఫీల్డు అంచుల్లో ప్లేట్‌లెట్స్ గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి. ఇది ట్యూబు లోపం కాదు, వెయ్యిమందిలో ఒకరికి అటూ ఇటూగా ఈడీటీఏ తగిలితే ప్లేట్‌లెట్స్ అతుక్కునేలా చేసే యాంటీబాడీలు ఉంటాయి, మెషిన్ ఆ గుంపుల్ని లెక్కపెట్టలేదు. పాత బ్రాండ్ ఈడీటీఏలో తీసినా అదే వచ్చేది. అంటే పోయిన నెల కూడా రావాల్సింది కదా అని మీరు అడుగుతారని తెలుసు. ఆ యాంటీబాడీ ఎప్పుడైనా మొదలవ్వచ్చు, పైగా సాంపిల్ ఎంతసేపు ఆగింది అన్నదాన్ని బట్టి గుంపులు పెరుగుతాయి. సిట్రేట్ ట్యూబులో మళ్ళీ తీస్తే 1,90,000 వచ్చింది, సిట్రేట్ ద్రవం పలుచన చేస్తుంది కాబట్టి 1.1తో హెచ్చిస్తే 2,09,000. ఆవిడకి అసలు ఏ జబ్బూ లేదు.

పర్పుల్ ఎంత మంచిదైనా పక్క ట్యూబులోకి వెళ్తే మాత్రం విషమే. మూడో నెలలో అనుకుంటా, పొద్దున్నే ఒక రిపోర్టు, పొటాషియం 8.6. గుండె ఆగిపోయే నంబరు అది. రిపోర్టు ఆపి పక్కన చూస్తే కాల్షియం 5.2, ఏఎల్‌పీ అనే ఎంజైమ్ 18, రెండూ బాగా తక్కువ. ఈ మూడూ కలిసి కనిపిస్తే పేషెంట్ వైపు కాదు, ట్యూబు వైపు చూడాలి. కె2 ఈడీటీఏలో కె అంటేనే పొటాషియం, అది సీరమ్‌లో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) కలిస్తే పొటాషియం పైకి పోతుంది, ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేస్తుంది, ఏఎల్‌పీ పనిచేయడానికి కావాల్సిన మెగ్నీషియం, జింకునీ పట్టేస్తుంది. బయటికెళ్ళి చూస్తే ఆ మనిషి కుర్చీలో కాళ్ళూపుకుంటూ ఫోన్ చూసుకుంటున్నాడు. డ్రా చేసిన అమ్మాయిని పిలిచి అడిగితే మొదట ఏం లేదంది, తర్వాత మెల్లగా, "అక్కా, గోల్డ్‌లో కొంచెం తక్కువ పడింది, పర్పుల్‌లో ఎక్కువే ఉంది కదా అని మూత తీసి కొంచెం పోశాను" అంది. తిట్టలేదు నేను. ఎందుకంటే గోల్డ్ ట్యూబు సరిగ్గా లాగి ఉంటే ఆ పిల్లకి ఆ పని చేసే అవసరమే వచ్చేది కాదు. మొదటి లాట్‌లో గోల్డ్ ట్యూబులు కొన్ని సగంలోనే ఆగిపోతున్నాయని అప్పుడే తెలిసింది.

మూత తీసి పోయకపోయినా తప్పుడు వరసలో తీస్తే సూది మొనకి అంటుకున్న మందు పక్క ట్యూబులోకి పోయే ప్రమాదం ఉంది. బ్లడ్ కల్చర్ ముందు, తర్వాత సిట్రేట్, తర్వాత సీరమ్ ట్యూబు, తర్వాత హెపారిన్, ఆ తర్వాత ఈడీటీఏ, చిట్టచివర ఫ్లోరైడ్. ఈ వరస గోడ మీద అంటించి ఉంటుంది అందరి దగ్గరా, చూసేవాళ్ళు తక్కువ.

గోల్డ్ మూత కథ కొంచెం పెద్దది, ఓపిక పట్టండి. జెల్ ట్యూబులో అడుగున ఉండే జెల్ సాంద్రత సీరమ్‌కీ కణాలకీ మధ్యలో ఉంటుంది, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినప్పుడు అది మెత్తబడి పైకి జరిగి మధ్యలో గోడలా కూర్చుంటుంది, తిప్పడం ఆగాక మళ్ళీ బిగుసుకుంటుంది. అద్భుతమైన ఐడియా, ఒప్పుకోవాల్సిందే. కాకపోతే రక్తం పూర్తిగా గడ్డకట్టాకే తిప్పాలి, నిలబెట్టి అరగంట ఆగాలి. హెపారిన్, వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్ళకైతే ఇంకా ఎక్కువే పడుతుంది. మొదటి లాట్‌లో అరగంట కాదు ముప్పావుగంట ఆగి తిప్పినా పైకి సీరమ్ క్లీన్‌గా కనిపిస్తుంది, సాంపిల్ పీల్చే ప్రోబ్ దిగగానే బీప్ బీప్ అని ఎర్రర్. ఒక ట్యూబు తీసుకుని లైటు కింద వంచి చూశా. సీరమ్ మధ్యలో సాలెగూడు పోగులాంటిది ఒకటి వేలాడుతోంది, కర్రపుల్ల పెట్టి తిప్పితే పుల్లకి జిగురులా చుట్టుకుని పైకొచ్చింది. ఫైబ్రిన్, గడ్డని అల్లే ప్రొటీన్ పోగు. అదొక్కటి ప్రోబ్‌లోకి పోతే మెషిన్ తక్కువ సాంపిల్ పీల్చుకుని తక్కువ వాల్యూ ఇస్తుంది, ఎర్రర్ ఇస్తే నయం, ఒక్కోసారి ఎర్రర్ కూడా ఇవ్వదు. ఆ వారం నేను ప్రోబ్ కడిగినన్నిసార్లు నా చేతులు కూడా కడుక్కుని ఉండను.

కంపెనీ అబ్బాయి వచ్చాడు. "మేడమ్, మీ వాళ్ళు సరిగ్గా ఇన్వర్ట్ చేయట్లేదేమో." ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మమ్మల్నే అంటే ఎలా ఉంటుంది చెప్పండి. సరే, ఎవరిది తప్పో తేల్చుకుందామని స్టాఫ్‌లోనే ఇరవై మందిని బతిమాలి, ఒకే సూదితో ఒకే మనిషి నుంచి పాత బ్రాండ్ గోల్డ్ ఒకటి, కొత్తది ఒకటి తీశాం, సగంమందికి ముందు పాతది, సగంమందికి ముందు కొత్తది, అన్నీ నేనే నా చేత్తో అయిదారుసార్లు తలకిందులు చేశా, నిలబెట్టా, టైమర్ పెట్టి ఒకేసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పా. కొత్త ట్యూబు పెట్టాలంటే ఇలా పక్కపక్కన పెట్టి చూడాల్సిందేనని ల్యాబు ప్రమాణాలు పెట్టే సీఎల్ఎస్ఐ సంస్థ గైడ్‌లైన్ కూడా చెప్తుంది. సోడియం, క్రియాటినిన్, లివర్ ఎంజైములు రెండింట్లోనూ దాదాపు ఒకటే. వాల్యూల్లో తేడా లేదు, కానీ కొత్త వాటిల్లో అయిదింట్లో ఫైబ్రిన్ పోగులు, పాత వాటిల్లో ఒక్కటీ లేదు. ఆ ట్యూబుల్ని వరసగా స్టాండులో పెట్టి ఆ అబ్బాయికి చూపిస్తే మారు మాట్లాడలేదు, ఫోటోలు తీసుకుని వెళ్ళాడు. మూడో లాట్‌కి యాక్టివేటర్ పూత మార్చామని చెప్పారు, నిజంగానే మారింది, ఇప్పుడు అరగంటకి గట్టిగా గడ్డకడుతోంది, సీరమ్ గాజులా ఉంటోంది.

అయినా జెల్ ట్యూబుకి దాని పరిమితులు దానికుంటాయి, ఏ కంపెనీదైనా. ఫెనిటోయిన్ లాంటి కొన్ని మందుల లెవెల్స్‌కి జెల్ ట్యూబు పెట్టకపోవడమే మంచిది, జెల్ ఆ మందుని పీల్చుకుంటుంది, సాంపిల్ ఎంతసేపు జెల్ మీద కూర్చుంటే అంత తగ్గుతుంది. జెల్ లేని ఎర్ర మూత దానికి. ఇంకోటి, ఒకసారి తిప్పిన జెల్ ట్యూబుని సీరమ్ సరిపోలేదని మళ్ళీ తిప్పొద్దు మహాప్రభో, జెల్ కింద కణాలతో గంటల తరబడి ఉన్న సీరమ్‌లో పొటాషియం నిండి ఉంటుంది, రెండోసారి తిప్పితే అది పైకొచ్చి కలుస్తుంది. తిప్పని ట్యూబుని ఫ్రిజ్‌లో పెట్టడం కూడా అలాంటిదే, చల్లగా ఉంటే పాడవదు అనుకుంటారు, చలికి కణాల పంపులు మందగించి పొటాషియం బయటికి కారిపోతుంది. సెంట్రిఫ్యూజ్ కూడా చూసుకోండి, స్వింగ్ రోటర్‌లో 1000 నుంచి 1300 జి దగ్గర 10 నిమిషాలు చాలు, ఫిక్స్‌డ్ యాంగిల్ అయితే 15 నిమిషాలు, అయినా జెల్ ఏటవాలుగా కూర్చుంటుంది, ఆ పల్చటి అంచు దగ్గర్నుంచి కణాలు తొంగిచూస్తుంటాయి.

మూత, పూత సంగతి తర్వాత చెప్తా అన్నా కదా. వెనకటికి కొన్ని రబ్బరు మూతల్లో టీబీఈపీ అనే ప్లాస్టిసైజర్ ఉండేది, అది రక్తంలోకి దిగి లిడోకైన్, క్వినిడిన్ లాంటి మందుల్ని ప్రొటీన్ నుంచి విడగొట్టి ఎర్రకణాల్లోకి నెట్టేసేది, ప్లాస్మాలో (గడ్డకట్టని రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవంలో) లెవెల్ తక్కువ కనిపించేది. మందు సరిపోవట్లేదని డోసు పెంచితే? 2000ల మొదట్లో ఒక రకం జెల్ ట్యూబుల్లో గోడకి రాసిన సర్ఫాక్టెంట్ వల్ల ఒక ఎనలైజర్లో టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ ఎక్కువగా వచ్చిందని బయటపడింది. 2017లో అయితే ఇంకా పెద్ద గొడవ, ఒక రకం లెడ్ టెస్టులు నరం నుంచి తీసిన రక్తంలో సీసాన్ని తక్కువ చూపిస్తున్నాయని ఎఫ్‌డీఏ హెచ్చరించింది, తర్వాత వెతికితే వేళ్ళు చూపించింది ట్యూబు మూత రబ్బరులో ఉండే థయురామ్ అనే పదార్థం వైపు. పిల్లల రక్తంలో సీసం చూసే టెస్టు అది. అందుకే ట్యూబు మారితే వచ్చే మార్పు ఒక టెస్టులో కనిపించి ఇంకో టెస్టులో కనిపించకపోవచ్చు, ఒక మెషిన్‌లో వచ్చి పక్క మెషిన్‌లో రాకపోవచ్చు. నేను ఇరవై మందితో చేసిన పోలికలో నేను చూడని టెస్టులు ఉన్నాయి, వాటికి నేను గ్యారంటీ ఇవ్వను.

ఇప్పుడు బ్లూ. అసలు కంప్లైంట్ దీని మీదే. సిట్రేట్ ట్యూబులో లెక్క చాలా స్ట్రిక్టు, తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు 3.2 శాతం సిట్రేట్. మా ట్యూబు 2.7 మిల్లీలీటర్లది, లోపల 0.3 సిట్రేట్, నిండితే మొత్తం 3. ట్యూబు మీద నింపాల్సిన గీతకి తొంభై శాతం కన్నా తక్కువ పడితే సిట్రేట్ ఎక్కువైపోతుంది, ఆ మిగులు సిట్రేట్ టెస్టులో మనం వేసే కాల్షియాన్ని కూడా మింగేసి పీటీ, ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూసే టెస్టులు) పొడుగవుతాయి. ఏపీటీటీ అయితే మరీ. హెపారిన్ డ్రిప్ మీదున్న మనిషికి ఏపీటీటీ తప్పుగా పొడుగొస్తే డోసు తగ్గించేస్తారు, అర్థమైందిగా.

అయిదో నెలలో ఏపీటీటీ కొంచెం కొంచెం పొడుగొస్తున్న సాంపిళ్ళు పెరిగాయి. క్యూసీ చూస్తే బంగారం. రియేజెంట్ కొత్తది తెరిచా, అదే. చివరికి ట్యూబుల్ని చూస్తే గీత కన్నా కొంచెం కిందే ఆగుతున్నాయి, చూడాలనుకుంటేనే కనిపించేంత తక్కువ. పైగా మన వాళ్ళు బార్‌కోడ్ స్టిక్కర్ సరిగ్గా ఆ గీత మీదే అంటిస్తారు, ఇక కనిపించేదేంటి. అప్పుడు నేను చేసిన పని మీరు కూడా చేయండి, పెద్ద ఖర్చేం లేదు. ఒక గ్లాసు నీళ్ళు, ఒక సూది హోల్డర్, ఒక మంచి బ్యాలెన్స్. ఖాళీ ట్యూబు తూచా, సూదితో నీళ్ళు లాగనిచ్చా, ఆగిపోయాక మళ్ళీ తూచా. నీళ్ళు మిల్లీలీటరుకి దాదాపు గ్రాము కాబట్టి తేడాయే డ్రా వాల్యూమ్. పది ట్యూబులు. కొత్తగా వచ్చిన బాక్సువి అన్నీ 2.6 పైనే. ఎక్స్‌పైరీకి అయిదు వారాలున్న బాక్సువి 2.5, 2.4, 2.38, ఒకటైతే 2.3. తొంభై శాతం అంటే 2.43. ఎక్స్‌పైరీ ఇంకా దాటలేదు, గుర్తుపెట్టుకోండి.

కారణం పెద్ద మిస్టరీ ఏం కాదు. ప్లాస్టిక్ గోడల్లోంచి గాలి మెల్లగా లోపలికి చేరుతుంది, వ్యాక్యూమ్ తగ్గుతుంది, సిట్రేట్‌లోని నీరు కూడా ఆవిరై బయటికి పోతుంది, అందుకే మంచి సిట్రేట్ ట్యూబుల్ని ఒకదాంట్లో ఒకటి పెట్టినట్టు రెండు గోడలతో చేస్తారు. ఈ కంపెనీది ఒంటి గోడ. లేబుల్ మీద 4 నుంచి 25 డిగ్రీల్లో ఉంచమని రాసి ఉంది, మా స్టోర్‌రూములో థర్మామీటర్ పెట్టి చూశా, పర్లేదు, 24 దాటలేదు, కాబట్టి మాది తప్పు అని కూడా అనలేరు. ఎత్తైన కొండ ప్రాంతాల్లో వాడేవాళ్ళకి ఇంకో తిప్పలు, బయట గాలి ఒత్తిడే తక్కువ కాబట్టి మంచి ట్యూబు కూడా తక్కువే లాగుతుంది.

న్యాయంగా చెప్పాలంటే తక్కువ పడ్డ ప్రతి బ్లూ ట్యూబూ కంపెనీ పాపం కాదు. బటర్‌ఫ్లై సెట్‌తో (సన్న పైపు తగిలించిన సూదితో) తీస్తూ బ్లూ మొదట పెడితే ఆ సన్న పైపులో ఉన్న గాలి ముందు ట్యూబులోకి దూరి అంత రక్తం తగ్గుతుంది, ముందు ఒక ట్యూబు లాగి పారేసి అప్పుడు బ్లూ పెట్టాలి. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 55 శాతం దాటిన మనిషికి ట్యూబు నిండుగా ఉన్నా ప్లాస్మా తక్కువ కాబట్టి సిట్రేట్ తగ్గించాలి. ఇవన్నీ తీసేసి చూసినా ఆ బాక్సు పాసవ్వలేదు, నీళ్ళకి బటర్‌ఫ్లై ఏంటి, హెమటోక్రిట్ ఏంటి.

గ్రే గురించి తొందరగా. ట్యూబు బాగానే ఉంది, పొడి సమానంగా ఉంది. గ్రే అంటే షుగర్ అక్కడికక్కడే ఫ్రీజ్ అయిపోతుందని మాత్రం అనుకోకండి. మామూలు ట్యూబులో వదిలేస్తే గది వేడిలో గంటకి 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ కణాలు తినేస్తాయి, ఫ్లోరైడ్ ఆ దారిలో ఎనోలేస్ అనే కింది మెట్టుని ఆపుతుంది, పై మెట్లలో ఉన్న ఎంజైములు ఇంకో గంటా రెండు గంటల దాకా తింటూనే ఉంటాయి. సిట్రేట్ బఫర్ కలిపిన ఫ్లోరైడ్ ట్యూబులు వచ్చాయి, యాసిడ్ వల్ల మొదటి మెట్టే ఆగుతుంది, అవి దొరికితే అవే మేలు. ఈ కంపెనీకి అవి లేవు, అడిగా.

గ్రీన్ కూడా అంతే, లిథియం హెపారిన్, అర్జెంటు పొటాషియానికి గడ్డకట్టేదాకా ఆగక్కర్లేదు. ప్లాస్మా పొటాషియం సీరమ్ కన్నా కొంచెం తక్కువుంటుంది, ఎందుకంటే గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్స్ వదిలే పొటాషియం ఇక్కడ ఉండదు, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చి కంగారుపడొద్దు. లిథియం మాత్రలు వాడేవాళ్ళ లెవెల్ ఈ ట్యూబులో తీశారో, మాత్రలు మానేసిన మనిషికి కూడా లెవెల్ కనిపిస్తుంది. నవ్వకండి, జరుగుతుంది.

హీమోలైసిస్, అంటే ఎర్రకణాలు పగలడం గురించి అడుగుతారని తెలుసు. సీరమ్ గులాబీ రంగులో వస్తే ట్యూబు మంచిది కాదని మా వాళ్ళు కూడా అనేవాళ్ళు. మేం లెక్క చూస్తే కొత్త ట్యూబుల్లో ఎక్కువేం లేదు, ఎక్కువగా వచ్చింది క్యాన్యులా నుంచి లాగిన సాంపిళ్ళలో, సన్న సూదికి పెద్ద ట్యూబు పెట్టినప్పుడు. సన్న నరానికి చిన్న ట్యూబు పెట్టండి, లాగే ఒత్తిడి తగ్గుతుంది. సిరంజితో తీసి సూది గుచ్చి ప్లంజర్ నొక్కి ట్యూబులోకి తోస్తారు చూడండి, ఆ తోపుడుకి కణాలు పగిలి పొటాషియం, ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ ఎంజైములు అన్నీ లేస్తాయి, దానికి ట్యూబు ఏం చేస్తుంది పాపం.

చిన్న చిన్న విషయాలు: మూత కొంచెం బిగువెక్కువ, గ్లవ్స్ తడిగా ఉంటే జారుతుంది, రోజుకి వంద మూతలు తీసేవాళ్ళకి సాయంత్రానికి బొటనవేలు లాగేస్తుంది. అయితే మూత పైన ప్లాస్టిక్ తొడుగు ఉంది, తీసినప్పుడు టప్‌మని చిమ్మదు. లేబుల్ మీద పెన్ను ఇంకు నిలుస్తుంది, స్పిరిట్ తగిలితే మాత్రం లాట్ నంబరు చెరిగిపోతుంది, లాట్ నంబరు చెరిగిపోయే ట్యూబు ఎవరు డిజైన్ చేశారో వాళ్ళకో దండం.

కంపెనీకి తూకాల పేపరు, ఫోటోలు పంపా. మొదట ఎక్స్‌పైరీ దాటలేదు కాబట్టి మార్చలేమన్నారు, బ్యాలెన్స్ క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ కూడా జత చేసి మళ్ళీ పంపితే బాక్సులు మార్చారు. మార్చి ఇచ్చినవి కొత్తవి కాబట్టి ఇప్పుడు బాగానే లాగుతున్నాయి, ఆర్నెల్ల తర్వాత ఎలా ఉంటాయో నాకు నమ్మకం లేదు, అందుకే సిట్రేట్ వరకు పాత బ్రాండ్‌కే వెళ్ళిపోయాం, మిగతావి దీంట్లోనే కొనసాగిస్తున్నాం. గోల్డ్‌కి కొత్త లాట్ వచ్చినప్పుడల్లా పది ట్యూబులు పక్కన పెట్టి చూస్తున్నా, లాట్ నంబర్లకి ఒక రిజిస్టర్ పెట్టా. వాళ్ళు వెనక్కి తీసుకెళ్ళకుండా వదిలేసిన బ్లూ బాక్సు ఒకటి నా టేబుల్ కిందే ఉంది, మీద ఎర్ర మార్కర్‌తో 'పేషెంట్లకి వాడొద్దు' అని రాశా, కొత్తగా డ్రాకి చేరినవాళ్ళకి మొదటి రోజు ఒక గ్లాసు నీళ్ళిచ్చి, దాంట్లోంచి ఒకటీ పాత బ్రాండ్‌ది ఒకటీ చేతిలో పెట్టి, రెండూ లాగి తూచి తేడా చెప్పమంటున్నా.